సెలక్షన్‌కు ముందురోజు కొండ

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, చెప్పింది చెప్పినట్టు చేయిస్తే ఏ పిల్లనైనా షటిల్ ఆటలో పైకి తీసుకురావచ్చునని. రెండోది, నా జుట్టు. కోచింగ్ కోర్సు ముగించుకుని తిరుపతిలో ఒక ఇండోర్ స్టేడియంలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. మెడలో విజిల్, వెనక జేబులో దువ్వెన. ఈ రెండూ లేకుండా కోర్టులో అడుగు పెట్టేవాణ్ణి కాదు. (ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు. మా అమ్మ నా ఫోటో పంపిన ప్రతి ఇంట్లోనూ ముందు జుట్టునే మెచ్చుకున్నారని వినికిడి.) ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద జాలేస్తుంది. పిల్లలకు ఆట నేర్పితే చాలనుకున్నాడు పాపం. ఒక్కో పిల్ల వెనకా ఒక నాయనా, ఒక అమ్మా, అంతకంటే గట్టిగా ఒక అవ్వా ఉంటారని కోర్సులో ఎవరూ చెప్పి పంపలేదు.

వాళ్లతో నేను పడ్డ బాధ అంతా ఇంతా కాదు. ఒక తల్లి గేముకూ గేముకూ మధ్య పెరుగన్నం ముద్దలు పెట్టేది. ఒక నాయన పిల్లాణ్ణి చేర్చిన రోజే, "స్మాషు ఒక్కటి ఈ వారంలో నేర్పించేయండి సార్, మిగతావి నిదానంగా సూసుకుందాం" అన్నాడు. వీళ్లందరికీ పెద్దదిక్కు మిడత వాళ్ల అవ్వ. మిడత అంటే నా శిష్యురాలు. కార్వేటినగరం దగ్గర మామిడితోటలున్న రైతుల పిల్ల. నేల మీద కాలు నిలిచేది కాదు, వెనక గీత దగ్గర ఉన్నదల్లా రెప్పపాటులో నెట్ దగ్గర తేలేది, అందుకే ఆ పేరు పెట్టాను. మనవరాలి ఆట కోసం అవ్వ తోటనూ పాడినీ కొడుకు మీద వదిలేసి తిరుపతిలో గది తీసుకుని ఉండేది. ఆవిడకు షటిల్ గురించి ఏమీ తెలియదు గానీ అభిప్రాయాలకు కొదవ లేదు. ఆయుధపూజ నాడు పిల్లలందరి రాకెట్లూ పోగేసి పిడులకు దట్టంగా పసుపు పూసి బొట్లు పెట్టింది. మర్నాడు పట్టు దొరక్క రాకెట్లు చేతుల్లోంచి జారి గాల్లోకి లేస్తుంటే నేను కుర్చీ వెనక దాక్కుని విజిల్ ఊదాల్సి వచ్చింది.

అలాంటి రోజుల్లో ఒక కబురు వచ్చింది. దేశమంతా తిరిగి పన్నెండేళ్లలోపు పిల్లల్ని ఏరి, చదువూ తిండీ ఆటా అన్నీ ఒకేచోట చూసుకునే జాతీయ శిక్షణ పథకం వాళ్లు మా స్టేడియానికీ వస్తున్నారట. మిడతకు పన్నెండు నిండడానికి ఇంక ఎన్నో నెలలు లేవు. ఈసారి తప్పితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. ఆ పిల్లకు తగిన శిక్షణ ఇవ్వడానికి నా దగ్గరున్నది రెండు కోర్టులూ, నా గొంతూ. అవి చాలవని నాకే తెలుసు. అందుకని నెలరోజులు పిల్లల్ని పిండేశాను. బజ్జీలు బంద్ చేశాను. సెలక్షన్ రెండు రోజుల్లో ఉందనగా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో గంభీరమైన గొంతుతో మాట్లాడి పంపాను: "రేపు పూర్తిగా విశ్రాంతి. రాకెట్ ముట్టుకోకూడదు. కోర్టు దరిదాపులకు కూడా రాకూడదు." మర్నాడు గ్రూపులో చప్పుడు లేదు. ఎప్పుడూ దేవుడి బొమ్మలూ గుడ్ మార్నింగులూ ఎడతెగకుండా వచ్చే గ్రూపు అది. అందరూ ఒళ్లు దాచుకుని పడుకున్నారు కాబోలునని, తొలిసారి నా మాట విన్నారని, తెగ మురిసిపోయాను.

సెలక్షన్ పొద్దున నేను ఇస్త్రీ టీషర్టు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. ముందుగా ఒక గుండు వచ్చింది, చందనం పూసుకుని, గోడ పట్టుకుని నడుస్తూ. ఎవరో దారి తప్పి వచ్చిన యాత్రికుల పిల్ల అనుకున్నాను. దాని వెనక ఇంకో గుండు, ఇంకో గుండు. అందరూ ఒక మెట్టు ఎక్కి, ఆగి, మూలిగి, మరో మెట్టు ఎక్కుతున్నారు. మొదటి గుండు నన్ను చూసి, "గుడ్ మార్నింగ్ సార్" అంది. గొంతు మిడతది. రెండు జడలు ఊపుకుంటూ ఎగిరే పిల్ల కాస్తా నున్నటి తలతో, కాళ్లు వంగక, కర్రలా నిలబడి ఉంది.

"ఏందిది?" అన్నాను.

"కొండకి పోయొచ్చినాం సార్. అందరం."

"నడిచా?"

"ఎక్కేటప్పుడు అలిపిరి మెట్లమీద ఎక్కినాం సార్. దిగేటప్పుడు బస్సులో వద్దామంటే అవ్వ ఒప్పుకోలా. అదీ నడిచే దిగినాం."

ఎక్కడం కంటే దిగడమే తొడలకు చేటని కోర్సులో నాకు బొమ్మలు గీసి మరీ చెప్పారు. అవ్వ ఈలోగా నింపాదిగా వచ్చి నా చేతిలో లడ్డు పెట్టింది. ఆవిడ నడకలో మాత్రం ఏ తేడా లేదు.

"విశ్రాంతి అని చెప్పినాను గదా అవ్వా," అన్నాను. ఏడుపు ఒక్కటే తక్కువ.

"నువ్వు చెప్పబట్టే గదా నాయనా పోయినాం. నెలనుంచి బిడ్డలకి ఒక్కదినం తీరిక ఇచ్చినావా? ఇన్నాళ్లకి ఇచ్చినావు. ఆ దినం గూడా స్వామి దగ్గరికి పోకుంటే ఎట్లా?"

"విశ్రాంతి అంటే పడుకోవాల."

"పట్టపగలు పడుకునేదానికి వాళ్లకేం జబ్బా? రాకెట్ ముట్టుకోవద్దన్నావు, ముట్టుకోలా. కోర్టు దగ్గరికి రావద్దన్నావు, రాలా. కొండ ఎక్కొద్దని చెప్పినావా?"

చెప్పలేదు. తిరుపతిలో ఉద్యోగం చేస్తూ ఆ ఒక్క ముక్క చెప్పాలని తట్టలేదు నాకు. "సరే, పని అయినాక ఇయ్యాల్సిన తలనీలాలు ముందే ఇచ్చేదెందుకు?" అన్నాను. "అయినాక అందరూ ఇస్తారు. ముందే ఇచ్చేస్తే స్వామి మాట తప్పేదానికి ఉండదు," అంది అవ్వ.

తలమీద జుట్టుతో, చక్కగా వంగే మోకాళ్లతో వచ్చినవాడు ఒక్కడే, టిఫిన్ సెంటరు ఆయన కొడుకు. వాణ్ణి అందరూ ఉద్దివడ అనేవాళ్లు, ఆ వైపు మినపగారెకు అదే పేరు. వాళ్ల నాయన తల గోక్కుంటూ, "మేము ఈడోళ్లమే గదా సార్, కొండకి ఎప్పుడైనా పోవచ్చులే అని ఉండిపోయినాం," అన్నాడు. నేను ఆయన్ను కౌగిలించుకోబోయి ఆగాను. ఎందుకంటే ఉద్దివడ చేరిన నాటినుంచి షటిల్‌ను రాకెట్ మధ్యభాగంతో కొట్టిన దాఖలా లేదు.

పథకం తరఫున వచ్చిన పెద్దాయన బెంగళూరు వైపు మనిషి. తెలుగు పుస్తకంలో చదివినట్టు మాట్లాడేవాడు. కుర్చీలో కూర్చుని వరసగా నిలబడ్డ గుండ్లను చూసి, "వీరందరూ ఒకే కుటుంబమా?" అని అడిగాడు. కాదని చెప్పి, మూలమూలకూ పరుగెత్తే పరీక్ష మొదలుపెట్టాను. శ్రీకాళహస్తి పిల్లాడు ముందుకు వంగి అక్కడే ఉండిపోతే నేనూ ఉద్దివడా ఇద్దరం వెళ్లి నిలబెట్టాం. పుత్తూరు పిల్ల మూలకు వెళ్లింది గానీ తిరిగి రాలేదు. మిడత పళ్లు బిగించి నాలుగడుగులు వేసి, కళ్లల్లో నీళ్లు నింపుకుని నా వైపు చూసింది. స్టేడియమంతా నొప్పుల మందు వాసన. ఉద్దివడ ఒక్కడే గుర్రంలా పరుగెత్తి మొదటివాడిగా వచ్చాడు. గ్యాలరీలోంచి వాళ్ల నాయన చప్పట్లు. నాకు ఆ క్షణంలో ఎవరినైనా కొట్టాలనిపించింది. కానీ ఎవరిని కొట్టాలి? కొండనా?

మిడత సంగతి ఇంతటితో అయిపోయిందని తెలిశాక కోపం కూడా రాలేదు. పెద్దాయన దగ్గరికి వెళ్లి, "సార్, ఆ పిల్ల మామూలుగా ఇట్లా ఉండదు. ఇంకొక్క రోజు ఇవ్వండి," అని బతిమాలాను. ఆయన లేవబోయాడు. లేవలేకపోయాడు. బల్ల పట్టుకుని, కుర్చీ చేతులు పట్టుకుని, చివరికి నా భుజం పట్టుకుని లేచి, నాకు మాత్రమే వినబడేట్టు "అమ్మా" అన్నాడు.

"మీరు కూడానా సార్?"

"నిన్ననే. మెట్ల మార్గంలో. తిరుపతికి వచ్చి కొండకు వెళ్లకపోతే మా ఇంట్లో ఊరుకోరు," అన్నాడు తల దించుకుని. తరవాత పిల్లలకేసి తిరిగి, "కాళ్లు ఈరోజు సెలవులో ఉన్నవి. చేతులు చూతము," అన్నాడు.

నెట్‌కు దగ్గరగా ఒక్కొక్కర్నీ కదలకుండా నిలబెట్టి షటిళ్లు విసరడం మొదలుపెట్టాడు. ఉద్దివడ మొదటి షటిల్‌నే నా చెవికి కొట్టాడు. మిడత వంతు వచ్చింది. కాళ్లు లేని మిడత ఎలా ఆడుతుందో అప్పటిదాకా నేనే చూడలేదు. ఎడమకు విసిరితే కుడికి, కుడికి విసిరితే ఎడమకు, షటిల్ నెట్ అంచును తాకీ తాకనట్టు దొర్లి అవతల పడుతోంది. పెద్దాయన విసిరే వేగం పెంచాడు, మోసం చేశాడు, చివరికి నొప్పి మరిచిపోయి తనే ఒక రాకెట్ తీసుకున్నాడు. ఆ పిల్ల మణికట్టులో అంత ఉందని ఆ నెలంతా పరుగులు పెట్టించిన నాకు తెలియదు. పెద్దాయన ఆట ఆపి, "ఈమెను వచ్చే నెల రెండవ పరీక్షకు పంపండి. అంతకు ముందురోజు ఎక్కడికీ నడవనివ్వకండి," అన్నాడు. మిడత ఏడుపూ నవ్వూ కలిపి కూలబడింది. లేపడానికి మళ్లీ ఇద్దరం కావాల్సి వచ్చింది.

సంతోషంలో ఉన్న నా దగ్గరికి అవ్వ వచ్చింది. "అయితే నాయనా, నీది ఎప్పుడు ఇద్దాం?"

"నాదేంది అవ్వా?"

"బిడ్డ జుట్టు ముందే ఇచ్చినాం. పని అయినాక నేర్పినోడి జుట్టు ఇస్తామని మొక్కుకున్నా. మంచి జుట్టు గదా నీది, స్వామికి అట్లాంటిదే ఇయ్యాల."

మొక్కు మీది, జుట్టు నాది, నన్నడక్కుండా ఎలా మొక్కుకున్నారని వాదించాను. పెళ్లిచూపులున్నాయని వేడుకున్నాను. అవ్వ విని, "ఇంకా రెండో పరీచ్చ ఉండాది, సూసుకో నాయనా," అని ఊరుకుంది. ఆ మాటతో నా నిద్ర పోయింది. అలాంటివాటి మీద నాకు నమ్మకం లేదు. కానీ రేపు మిడత ఓడిపోతే దానికి కారణం నా తలమీద కనబడుతుంటే నేను భరించలేననిపించింది. వారం తిరక్కుండా అలిపిరిలో మెట్లు మొదలుపెట్టాను. ముందు అవ్వ, వెనక రొప్పుతూ నేను. పెళ్లిచూపులకు గుండుతోనే వెళ్లాను. (ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది. ఇప్పటికీ మా ఇంట్లో ఆ నవ్వు అప్పుడప్పుడూ వినబడుతుంటుంది.) మిడత రెండో పరీక్షలో నెగ్గింది. అవ్వ తోటకు తిరిగి వెళ్లిపోయింది.

ఆ తరవాత నా జుట్టు మొలిచిందిగానీ మనసుపెట్టి మొలవలేదు. ఏడాదికేడాదికీ వెనక్కి తగ్గుతూ పోయింది. మొన్న మిడత సెలవులకు వచ్చి స్టేడియంలోకి అడుగుపెట్టింది. నాకంటే పొడుగైంది, జాతీయ శిబిరం జెర్సీ వేసుకుంది, రెండు జడలు మళ్లీ వేలాడుతున్నాయి. నా దగ్గర నేర్చుకునే పిల్లలతో నెట్ దగ్గర కాసేపు ఆడి, పోతూ పోతూ అంది: "సార్, వచ్చే నెల నాకు పెద్ద పోటీ ఉండాది. మా అవ్వ మళ్లీ మీ మీద మొక్కుకోవాలని సూస్తాండాది."

తల తడుముకున్నాను. "ఇంక ఈడ ఇచ్చేదానికి ఏమీ లేదని చెప్పమ్మా."

"అదే చెప్పినా సార్. ఉన్నకాడికి చాలంట."

అందరూ వెళ్లాక కోర్టులో దీపాలు ఆర్పుతూ నాలో నేనే నవ్వుకున్నాను. చెయ్యి అలవాటుగా వెనక జేబులోకి వెళ్లింది. దువ్వెన ఇంకా అక్కడే ఉంది. ఉన్న నాలుగు వెంట్రుకలనూ జాగ్రత్తగా దువ్వుకున్నాను. వచ్చే నెలదాకా అవి ఉండాలి కదా.