జిల్లేడును చంపిన చేయి

జిల్లేడును చంపిన మనిషిని మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే. బండరాతి సందులోనూ బతికే ఆ మొండి మొక్క నా పెంపకంలో సరిగ్గా పందొమ్మిదో రోజున తల వాల్చేసింది. మిగతా వాటి గతి వింటే నన్ను మీ గడప తొక్కనివ్వరు.

1979. చిత్తూరులో కాపురం. మా అత్తగారు ప్రతి వినాయక చవితికీ కుంటగట్టుకు వెళ్లి ఇరవై ఒక్క రకాల పత్రి కోసుకొచ్చి వీధంతా పంచేవారు. ఆ ఏడు ఆమెకు మోకాళ్లు పట్టేశాయి.

"ఈసారి మీరు గడప దాటబాకండత్తా. ఇరవై ఒకటీ పెరట్లోనే పెంచుతా," అని మాటిచ్చాను.

"అవేమన్నా రోజా చెట్లా మే, పెంచేదానికి? వానొస్తే అవే వస్తాయి."

వింటేనా! జ్యేష్ఠమాసంలోనే పెరటి మట్టి జల్లెడపట్టి, గులకరాళ్లు పారేసి, చెరువు మన్ను నింపాను. ఇరవై ఒక్క మడులు. మడికి పొద్దున రెండు చెంబులు, సాయంత్రం రెండు. పోసినప్పుడల్లా నోటుబుక్కులో తేదీ, టిక్కు.

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. ఇక్కడ నారూ నేనే, నీరూ నేనే. దేవుడికి సందే ఇవ్వలేదు.

మొదట ఉత్తరేణి కుళ్లింది. తర్వాత వాకుడు. ఉమ్మెత్త పెళ్లికూతురిలా ఒళ్లంతా పసుపు తేలి, వారానికే కన్నుమూసింది. నేను హడలిపోయి మూడో చెంబు మొదలుపెట్టాను.

"దప్పికతో సస్తా ఉండాయనుకుంటివా? మునిగి సస్తా ఉండాయి మే!"

"లెక్క పెట్టే పోస్తా ఉండాను గదత్తా!"

"లెక్క నీకుండాది. వాటికి యాడుండాది?"

శ్రావణం ముగిసేసరికి ఇరవై పోయాయి. మిగిలింది గరిక. అదీ మడిలో కాదు. మడుల మధ్య నేను పీకి పీకి ఓడిపోయిన చోట.

చవితి పొద్దున అత్తగారు కర్ర అందుకున్నారు. గంప పట్టుకుని వెనకే నడిచాను. ప్రహరీ దాటగానే రోడ్డుపక్క కంకరలో ఉత్తరేణి నా నడుమంత ఎత్తు! ఎవరు పోశారు దానికి చెంబులు? గట్టుకు నాలుగువందల పన్నెండు అడుగులు. అత్తగారు మూడుచోట్ల కూలబడ్డారు. కూలబడినప్పుడల్లా నా ప్రాణం మట్టిలో కలిసింది.

పూజలో పెద్దగా ప్రమాణం చేశాను. "స్వామీ, నువ్వు నాటినదానికి ఈ జన్మలో చెంబెడు నీళ్లు పోయను. వానకన్నా ముందు గడ్డపార ముట్టను."

అత్తగారు మోకాళ్లకు నూనె రాసుకుంటూ నిట్టూర్చారు.

"నీళ్లు బోసి సంపినావు. రోజూ నన్ను తిట్టుకున్నట్టు వాటిని తిట్టింటే బతికుండేటివి గదా మే!"