రంగు వేయని పలక

మా నాయన నోరు నెలనెలకూ మూసుకుపోతూ వచ్చింది. బెంగళూరు నగర్తపేటలో జరీ అంగడి నడుపుతూ పొద్దస్తమానం వక్కపొడి నమిలిన నోరది. మూడు వేళ్ళు దూరాల్సిన చోట ఒక్క వేలు దూరడమే కష్టమైంది. రాగి సంగటి ముద్దలు మింగిన మనిషి అంబలికి దిగాడు. ఎవరెన్ని చెప్పినా వినలేదు కదా అని కోపం, చూస్తే ఏడుపు.

ఆసుపత్రిలో బుగ్గ లోపలి నుంచి ఆవగింజంత ముక్క తీశారు. దాన్ని పలుచగా కోసి, గాజు పలకల మీద పరిచి, రంగులు వేసి చూశారు. లోపల పీచు పేరుకుందని తెలిసింది గానీ అది క్యాన్సర్‌గా మారిందో లేదో తేలలేదు. మళ్ళీ కోయాలన్నారు. నాయన ససేమిరా అన్నాడు. రంగు వేయని పలక ఒక్కటే మిగిలింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బెంగళూరులోనే ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తుండేదాన్ని. మా సూక్ష్మదర్శినికి రంగులు అక్కర్లేదు. లేజర్‌ను అతి చిన్న మెరుపులుగా కొడితే పీచు ఊదా రంగులో వెలుగుతుంది, కణాలు తమ సొంత వెలుగుతో బయటపడతాయి. ఇంకా పరీక్షల్లో ఉన్న యంత్రం, దీన్ని నమ్ముకోవద్దని మా గురువుగారు ముందే చెప్పారు. నాకు మాత్రం అదే దిక్కు. ఆ పలక అడిగి తెచ్చుకుని, ఒక రాత్రి ఇంట్లో ఉంచి, పొద్దున్నే పట్టుకెళ్ళాను.

తెర నిండా ఒకటే పచ్చని మంట. కణం లేదు, హద్దు లేదు. రోగం ఇంతగా అలుముకుందా అనుకున్నాను. పలక బయటికి తీసి దీపం కింద తిప్పి చూస్తే, అంచున పసుపు మరక. ఇంటికి ఫోన్ చేశాను.

"అమ్మా, ఆ గాజు పలకను ఏమన్నా చేసినావా?"

"దేవుని ముందర పెట్టి పసుపు నీళ్ళు చల్లినా పాపా. మళ్ళా నువ్వు అరుస్తావని కొంగుతో తుడిచేసినా. ఏం, బాగా కనిపిస్తా ఉండాదా?"

కొత్త తక్కెడనైనా, స్కూటర్‌నైనా పసుపు తగలకుండా గడప దాటనివ్వని మనిషి. ఏమని తిట్టను?

"బాగా కనిపిస్తా ఉండాది" అన్నాను.

పసుపు కూడా ఆ లేజర్‌కు వెలుగుతుంది. కణాల వెలుగును అది మింగేసింది. వడపోత అద్దం మారిస్తే పీచు మాత్రం తేటగా కనిపించింది, చిక్కుపడిన జరీ ఉండలాగా. అది మాకు ముందే తెలుసు. కావలసిందేమో పసుపు కింద ఉండిపోయింది. కడిగినా వదల్లేదు. యంత్రం ముందే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

పలక చేయి జారి పగిలిందని ఇంట్లో చెప్పాను. అమ్మ విరుచుకుపడింది. "ఇంత చదివినావు, చేతిలో గాజు ముక్క నిలవదా? మీ నాయన పానం కదమ్మే అది!"

నాయన సగం తెరిచిన నోటితో మాటలు కూడదీసుకున్నాడు. "పాపను అనొద్దు. మళ్ళా కోయించుకుంటాలే."

కోయించుకున్నాడు. క్యాన్సరే. అప్పటికే మెడలోకి దిగిందన్నారు. ఆ ఏడాది దాటలేదు.

అమ్మ ఈ రోజుకీ నాకు కాఫీ స్టీలు లోటాలోనే ఇస్తుంది. గాజు గ్లాసులు నా చేతికి అందనివ్వదు.