అతనికి మాత్రం నమస్కారం

మట్టల ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట. చోడవరం బస్టాండులో చర్చివాళ్లం బస్సు కోసం కూర్చున్నాం. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, ఉన్నదున్నట్టే రాస్తాను.

పొద్దున్న మా ఆరాధనకు వచ్చిన ఆఫ్రికా కుర్రాడు బెంచీ చివర ఒంటరిగా ఉన్నాడు. విశాఖలో చదువుతున్నాడట. తెలుగు ఎంత వచ్చో చూద్దామని పక్కన కూర్చున్నాను.

"ఏటి బాబూ, మా చర్చి నచ్చిందా?"

"నచ్చింది అమ్మా. ఒక్క సందేహం. పక్కవాళ్లకి చేయి ఇవ్వమని పాస్టరుగారు చెప్పారు. అందరూ ఇచ్చుకున్నారు. నాకు మాత్రం దూరం నుంచి నమస్కారం పెట్టారు. అది అతిథికి మర్యాదా?"

మావాళ్లంతా చెవులు రిక్కించారు. మా ఆడపడుచు నా కొంగు లాగింది. "అవునని సెప్పీ వదినా!"

"మర్యాదేటి బాబూ! నీ రంగు సూసి ముట్టుకోలేదు," అన్నాను.

అతను నవ్వాడు. "తెలుసమ్మా. వెళ్లిన ప్రతి చర్చిలో అడుగుతాను. ఇంతవరకు అందరూ మర్యాదే అన్నారు."

చేయి చాపాను. పట్టుకున్నాడు. నాది చెరకు నరికిన చేయి. అతనిది మెత్తగా ఉంది.

అప్పుడక్కడ ఉన్నవాళ్లు: సంఘపెద్ద ప్రకాశం, పాస్టరమ్మ సుగుణ, మా ఆడపడుచు మార్తమ్మ, నేను, పేరు అడగాలని ఎవరికీ తోచని ఆ కుర్రాడు.