మా మామగారి రూట్లవారీ కరోనా

మా మామగారు పోయారు. పోయిన వారం, నేను బడిలో పాఠం చెబుతుండగా మా ఆయన ఫోన్ చేసి "బాపు లేడు" అన్నారు. నేను నమ్మలేదు. ఎలా నమ్ముతాను? అంతకు ముందు పీరియడ్‌లోనే ఆ బాపు నాకు స్వయంగా ఫోన్ చేసి, "బిడ్డా, ఇయ్యాల నీ క్లాసుల జరమొచ్చి ఎంతమంది రాలే?" అని అడిగారు. వానాకాలం కదా, డెంగీ లెక్క మొదలుపెట్టారన్నమాట. "మామా, క్లాసుల ఉన్న. ఇంటికొచ్చినంక చెప్త" అని విసుక్కుని పెట్టేశాను. ఆఖరి మాట అలా అయిపోయిందని మీరెవరూ నా మీద జాలి పడనక్కర్లేదు. నేను కోడలిగా ఆ ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచీ ఆయన విసిగిస్తూనే ఉన్నారు, నేను విసుక్కుంటూనే ఉన్నాను. విసుక్కోని రోజున ఆయనే వచ్చి "ఏమైంది బిడ్డా, పానం బాగలేదా?" అని అడిగేవారు.

వరండాలో కుర్చీలో కూర్చునే పోయారట. చూడటానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట: "పుణ్యాత్ముడు, ఎవ్వరినీ తిప్పల పెట్టకుండ పోయిండు." ఎవరినీ తిప్పలు పెట్టకుండానా! అంత దుఃఖంలోనూ నాకు ఒళ్లు మండింది. కరోనా రోజుల్లో ఆ మనిషి ఇంట్లో మమ్మల్ని, వీధిలో వాళ్లని, ఫోన్లో అవతలి వాళ్లని పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఫోటోకి దండ పడగానే అవన్నీ మరిచిపోయి ఆయన్ని దేవుణ్ణి చేసేస్తామంటే నేనూరుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన జహీరాబాద్ బస్టాండులో కంట్రోలర్‌గా పనిచేశారు. ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కదిలింది రాసుకోవడం, మైకులో చెప్పడం ఆయన పని. ఉద్యోగం అయిపోయినా మైకు మాత్రం ఆయన గొంతులోంచి దిగలేదు. ఇంట్లో కూడా ప్రతి మాటా రెండుసార్లు. "చాయ్ అయ్యిందా? చాయ్ అయ్యిందా?" రిటైరైన రోజు అందరూ శాలువాతో ఇంటికొస్తారు. ఈయన శాలువాతో పాటు, బస్టాండు వాళ్లు పారేయబోతున్న నల్లబోర్డు ఒకటి ఆటోలో వేసుకుని వచ్చారు. బస్సుల టైములు రాసే బోర్డు. అది ఏళ్ల తరబడి మెట్ల కింద పడి ఉండి, చీపురు కోసం వంగిన ప్రతిసారీ నా మోకాలికి తగిలేది. పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దామంటే "ఉండనీ, పనికొస్తది" అనేవారు.

పనికొచ్చింది. లాక్‌డౌన్ పెట్టారు. రోజూ సాయంత్రం టీవీలో జిల్లాలవారీగా కేసులు చెప్పడం మొదలైంది. మొదటి రోజు నుంచే ఆయనకు అది నచ్చలేదు. "జిల్లా లెక్క నేనేం చేసుకోవాలె? జిల్లా జిల్లంత ఒక్క బస్సుల పోతదా?" అని టీవీని కోప్పడ్డారు. మర్నాడు నేను ముగ్గు వేద్దామని బయటికొచ్చేసరికి ఆ బోర్డు గేటు పక్కన గోడకు ఎక్కి ఉంది. జహీరాబాద్ టౌను, చిరాగ్‌పల్లి రూటు, మొగుడంపల్లి రూటు, కోహీర్ రూటు. ఒక్కో వరుసలో కొత్తగా వచ్చినోళ్లు, బాగైనోళ్లు, పోయినోళ్లు. నిన్నటికంటే పెరిగితే ఎర్ర సుద్దతో పైకి ఒక బాణం, తగ్గితే పచ్చ సుద్దతో కిందికి ఒక బాణం. నేను ముగ్గుకు తెచ్చుకున్న సుద్ద కూడా అందులోకే పోయింది.

ఆ లెక్కలు ఎక్కణ్ణుంచి వస్తాయని మీరడగొచ్చు. ఆయనతో పనిచేసి రిటైరైన కండక్టర్లు, డ్రైవర్లు ప్రతి రూటులోనూ ఉన్నారు. వాళ్లకు పొద్దున్నే, నేను రొట్టెలు చేసే వేళకు, వంటింటి పక్కనే నిలబడి స్పీకర్ పెట్టి ఫోన్లు.

"హలో, మొగుడంపల్లి? మొగుడంపల్లి?"

"చెప్పు సార్."

"ఎంత?"

"కొత్తయి ఏం లెవ్వు సార్. పాతాయన లేచిండు. నిన్న కల్లు గూడ తాగిండు."

"కల్లు సంగతి నా బోర్డుల లేదు. బాగైండా, లేదా?"

"బాగైతేనే గద సార్ తాగుడు!"

ఇంకో మనిషి కూడా అవునంటేనే ఆ అంకె బోర్డెక్కేది. అంటే ప్రతి ఊరికీ రెండేసి ఫోన్లు. ఇంట్లో ఇంకెవరికీ ఫోన్ లేదు, చార్జర్ లేదు, చెవులకు నెమ్మది లేదు. ఇక సుద్దపొడి. తలుపు గొళ్లెం మీద సుద్ద, నీళ్ల బిందె మీద సుద్ద, జొన్నపిండి డబ్బా మీద సుద్ద. ఆ పొడికి ఆయనకు దగ్గు పట్టుకుంది. ఆ రోజుల్లో దగ్గంటే ఏమిటో మీకు తెలుసు. ఎవరైనా తుమ్మితే పక్కింటి కిటికీలు మూసుకునేవి. మా మామగారు గేటు దగ్గర నిలబడి, వీధంతా వినపడేలా దగ్గుతూ కరోనా లెక్క రాసేవారు! పాలాయన మా గడప దాకా రావడం మానేసి పాకెట్లు గేటుకు తగిలించి పోయేవాడు. నేను మొత్తుకుంటే, మర్నాడు బోర్డు కింద ఒక కొత్త వరుస వచ్చింది: "ఇది సుద్ద దగ్గు. ఎవ్వరు ఫికర్ చేయవద్దు."

తల ఎక్కడ పెట్టుకోవాలి నేను?

తిట్టుకుంటూనే అందరూ వచ్చి చూసేవారు, అదీ నిజమే. సడలింపు టైములో సంచులు పట్టుకుని పోయేవాళ్లు మా గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, బాణం ఎటుందో చూసి, దాన్నిబట్టి బజారుకు పోవడమో వెనక్కి తిరగడమో చేసేవారు. ఎర్ర బాణం ఉంటే గిరాకీ పడిపోతోందని కూరగాయల బండి ఆయన ఒకరోజు బతిమాలాడు.

"సార్, జర తగ్గించి రాయుండ్రి సార్. మీ కాల్మొక్త."

"ఇదేమన్న టమాటనా, నువ్వడిగితే తగ్గించనీకి?"

ఇంత ఖచ్చితమైన మనిషి ఒకసారి చేసిన పొరపాటు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఒక రోజు టౌను వరుసలో పోయినోళ్లు ఒక్కసారిగా ముగ్గురు పెరిగారు. వీధంతా గుండె జారిపోయింది. బజారు వైపు ఎవరూ పోలేదు. మధ్యాహ్నానికి పక్కింటి ముస్లిం పెద్దావిడ, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె, ప్రహరీ గోడ మీదుగా మామగారిని పిలిచింది. మా ఖాలా ఎవరినైనా సరే గోడ అవతల నిలబడే కడిగేస్తుంది.

"భాయీసాబ్, టౌనుల ముగ్గురు పోయిన్రని రాసిన్రు. ఎవరయ్యా ఆ ముగ్గురు?"

"మైకుల ఇన్న ఆపా. మూడు మసీదుల్ల చెప్పిన్రు. ఒకాయన కొడుకు పేరు చెప్పి ఆయన తండ్రి అన్నరు. ఇంకొక దాంట్ల ఎవరిదో అన్న అన్నరు. మల్ల ఒక దాంట్ల ఎవరిదో మామ అన్నరు."

"అల్లా! తండ్రి ఆయనే, అన్న ఆయనే, మామ ఆయనే! కొడుకు ఉన్న గల్లీల కొడుకు పేరు చెప్తరు, తమ్ముడు ఉన్న గల్లీల తమ్ముని పేరు చెప్తరు. లేకుంటే ఎవరని ఎట్ల తెలుస్తది? పాపం, ఆయన గూడ కరోనా తోని పోలే. మస్తు ముసలాయన."

కండక్టర్లు చెబితే ఇద్దరిని అడిగే మనిషి, మైకులో వచ్చిందని ఎవరినీ అడగకుండా రాసేశారు. జన్మంతా మైకులో నిజమే చెప్పినవాడికి మైకు మీద ఉన్న నమ్మకం అది. ఆయన మొహం చిన్నబోయింది. అప్పటికప్పుడే బోర్డు మీద పెద్ద అక్షరాలతో "పొద్దున తప్పు రాసిన. ముగ్గురు కాదు. ఒక్కరే. అది కూడ కరోనా కాదు. మాఫ్ చేయండి" అని రాసి, ఖాలాను పిలిచి చదివి వినిపించారు. ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇద్దర్ని మల్ల బతికించిన్రు భాయీసాబ్, శుక్రియా." ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది, నాక్కూడా.

అవి మొదటి ఏడాది నవ్వులు. రెండో ఏడాది ఎండాకాలం ఎవరికీ నవ్వు రాలేదు.

మా అమ్మ కోహీర్‌లో అన్న దగ్గర ఉండేది. అమ్మకు ఆయాసం ఎక్కువైతే, దగ్గర్లో ఉందని అన్న సరిహద్దు దాటించి కర్ణాటకలోని బీదర్ తీసుకుపోయాడు. అక్కడొక దవాఖానలో అమ్మ పోయింది. అక్కడే, మొహం కూడా తెలియని ఎవరో ప్లాస్టిక్‌లో చుట్టి, కాల్చేశారు. నేను చూడలేదు. అన్న దూరం నుంచి చూశాడట. అది అమ్మో, వేరే ఎవరి అమ్మో కూడా ఆనవాలు పట్టలేకపోయానన్నాడు.

అన్నకు ఊళ్లో పాలకేంద్రం ఉంది. ఇంట్లో కరోనా అని తెలిస్తే అక్కడికి పాలు ఎవరూ తేరు. అందుకని అమ్మ షుగర్‌తో పోయిందని ఊరికి చెప్పాడు. నాకు ఫోన్ చేసి "చెల్లే, ఎవరన్న అడిగితే నువ్వు గూడ గదే చెప్పు" అన్నాడు. నేను సరేనన్నాను.

మర్నాడు పొద్దున మామూలుగానే వంటింటి పక్కన ఫోన్.

"కోహీర్? కోహీర్? ఎంత?"

"కొత్తయి లెవ్వు సార్. పోయినోళ్లు గూడ ఎవ్వరు లేరు. మీ వియ్యపురాలు షుగర్‌తోని పోయిందంట గద సార్, పాపం."

మామగారు ఫోన్ పెట్టేశారు. ఆ రోజు బోర్డు మీద మూడు వరుసలు నిండాయి, కోహీర్ వరుస ఖాళీగా వదిలేశారు. "కోహీర్ బస్సు లేటా సార్?" అని ఎవరో అడిగితే "లేటు" అన్నారు. అంతే.

తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"బిడ్డా, బీదరోళ్లను రాయమంటే తెలంగాణ మనిషంటరు. మనోళ్లను రాయమంటే కర్ణాటకల పోయిందంటరు. మీ అన్న షుగర్ అంటడు. మరి మీ అమ్మ ఏ లెక్కల పోయినట్టు?"

నేను రొట్టెల పిండి పిసుకుతూనే ఉన్నాను.

"యాడ దిగితేంది? కోహీర్‌ల ఎక్కిన మనిషి కోహీర్ పాసింజరే. నా నౌకరంత గట్లనే రాసిన. కని నువ్వు వద్దంటే రాయ."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఈ ముసలాయన మీద, అన్న మీద, చెప్పకుండా పోయిన అమ్మ మీద. చేతిలో పిండి ముద్ద పళ్లెంలోకి విసిరేసి అరిచాను.

"రాస్తే మా అమ్మ వస్తదా?"

"రాదు," అన్నారు.

అందరూ ఏదో ఒకటి చెప్పి ఓదార్చిన రోజులవి. దేవుడున్నాడన్నారు, ధైర్యంగా ఉండమన్నారు, ఆమె అదృష్టవంతురాలన్నారు. రాదు అని చెప్పింది ఈయనొక్కరే. అది విన్నాకే నాకు ఏడుపు వచ్చింది. చాలాసేపు ఏడ్చాను. ఆయన గుమ్మం దగ్గరే ఉన్నారు, దగ్గరికి రాలేదు, పోలేదు. చివరికి కళ్లు తుడుచుకుని "రాయుండ్రి మామా" అన్నాను. నాకు మా అమ్మ ఎక్కడో ఒకచోట ఉండాలి. ఎవరో ఒకరు ఆమెను పోయిందని రాయాలి.

ముందు అన్నకు ఫోన్ చేశారు. దొంగతనంగా రాయడం ఆయన వల్ల కాదు.

"మామా, నా పాలకేంద్రం మూతపడ్తది. ఊకో మామా, నీకు దండం పెడ్త."

"పేరు రాయ కొడుకా. అంకె ఒక్కటే."

"పేరెందుకు! కోహీర్ రూటుల ఒక్కటి పెరిగితే ఎవరని తెల్వదా? నువ్వు రాస్తే నేనొచ్చి తుడిచేస్త."

"రా. మాస్కు పెట్టుకొని రా."

రాశారు. పోయినోళ్ల గడిలో పాత అంకె చెరిపి, దానికి ఒకటి కలిపి రాశారు. పాలకేంద్రం సంగతి ఇప్పుడే చెప్పేస్తాను: కొన్నాళ్లు బోసిపోయింది, నిజమే. తర్వాత మళ్లీ జనం పాలు పోశారు. తమ ఇళ్లలోనూ ఎవరో ఒకరు పోయినవాళ్లే కదా వాళ్లంతా.

ఆయన ఆ అంకె రాసిన రోజు సడలింపు టైము ఇంకా అయిపోలేదు. మబ్బు కమ్మింది. గాలి దుమారం లేచి, వెంటనే వాన. నేను ఆరేసిన బట్టల కోసం పెరట్లోకి పరిగెత్తి, వచ్చి చూస్తే ముందు వరండాలో కుర్చీ ఖాళీ. గేటు బయట, ఆ వానలో, మోకాళ్ల నొప్పుల మనిషి, గొడుగు పట్టుకుని నిలబడ్డారు. గొడుగు తన నెత్తి మీద లేదు. బోర్డు మీద పట్టుకున్నారు.

"మామా, లోపలికి రా! నీకు బుద్ధుందా? పడిశం పడ్తే ఎవరు తీస్కపోవాలె దవాఖానకు? వానొస్తే పోతది, రేపు మల్ల రాయొచ్చు గద!"

"రేపు రేపటి లెక్క రాస్త. ఇది ఇయ్యాల్టిది."

అప్పుడే అన్న బండి వచ్చి ఆగింది. నెత్తి నుంచి నీళ్లు కారుతున్నాయి, చేతిలో తువ్వాలు ఉంది. బండి దిగి బోర్డు వైపు చూశాడు.

"తుడవనీకి వచ్చిన," అన్నాడు.

"తుడువు," అన్నారు మామగారు. "కని వాన తుడవొద్దు. తుడిస్తే నువ్వే తుడువు."

అన్న తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ వరుస చదివాడు. ఆ చిన్న గడి చదవడానికి ఎంతసేపు కావాలి? అన్న నిలబడ్డంతసేపూ మామగారు చెయ్యి దించలేదు. ఉన్నట్టుండి పెద్ద గాలి కొట్టి గొడుగు తిరగబడబోయింది. అన్న తువ్వాలు వదిలేసి, ముందుకురికి గొడుగు అవతలి అంచు పట్టుకున్నాడు.

నేను గడపలో నిలబడి ఇద్దరినీ నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాను. ఒక్కరూ వినిపించుకోలేదు. ఆ ముసలాయన, మా అన్న, చెరో పక్క నిలబడి తడిసి ముద్దయ్యారు. బోర్డు మీద కోహీర్ రూటు పొడిగా ఉంది.