వేపాకుల్లో ఉర్లగడ్డ

ఆ రోజుల్లో మా వైపు వాన రాకపోతే అందుకు ఎవరో ఒకరు కారణం కావలసిందే. ప్రభుత్వం, కలికాలం, పక్క ఊరివాళ్లు, ఇలా వంతులవారీగా అందరికీ తలా ఒక ఏడాది నింద దక్కేది. తొంభైల చివర్లో ఒక ఏడు మాత్రం అసలు కారణం ఎవరో నాకొక్కదానికే తెలుసు. ఎందుకంటే అది నేనే. (అప్పుడు నాది ఐదో తరగతి. జిల్లా మొత్తానికి కరువు తెప్పించేంత వయసు కాదు గానీ, ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.)

మాది నల్లమాడ దగ్గర పల్లె. అంతా మెట్ట సేద్యం, వేరుశనగే దిక్కు. విత్తనం పడ్డాక మబ్బు మొహం చాటేస్తే పిల్లలం కప్పతల్లిని మోసేవాళ్లం. బతికున్న కప్పను తడిగుడ్డలో వేపాకుల మధ్య పెట్టి, మూటను రోకలికి కట్టి ఇంటింటికీ తిరిగితే, ఆడవాళ్లు దాని మీద నీళ్లు పోసి, చాటలో ఇన్ని గింజలు పెట్టేవాళ్లు. కరువులో కప్పలకూ కరువే. ఆ ఏడు ఊరంతా గాలిస్తే మా ఇంటి నీళ్లతొట్టి కింద ఒక్కటి దొరికింది. మా తొట్టి కప్ప కాబట్టి మూట కట్టి కాపలా కాసే హక్కు నాదేనని పోట్లాడి గెలిచాను. మిగతావాళ్లు రోకలి కోసం వెళ్లారు. లోపల దానికి ఊపిరాడుతోందో లేదోనని నాకు అనుమానం వచ్చి, మూట కొంచెం విప్పి చూశాను. ఊపిరి బ్రహ్మాండంగా ఆడుతోంది. ఒక్క గెంతు గెంతి రాతిగోడ సందులో దూరింది, మళ్లీ కనబడితే ఒట్టు.

ఏం చేయను? వంటింటి బుట్టలో సంత నుంచి తెచ్చిన ఉర్లగడ్డలు ఉన్నాయి (బంగాళాదుంపల్ని మేం అలాగే అంటాం). కప్పంత దాన్ని ఏరి వేపాకుల్లో చుట్టేశాను. ఊరు ఊరంతా ఆ ఉర్లగడ్డకు నీళ్లు పోసి మొక్కింది. వీధి చివరి అవ్వ ఒకామె మూటను తట్టి చూసి, "ఏమ్మే, మీ కప్ప కదల్దే?" అంది. "సిగ్గుపడతాండాది అవ్వా" అన్నాను. అవ్వ నమ్మి ఇంకో చెంబు పోసింది. చివర్లో కప్పను ఎక్కడైనా తడి చూసి వదలాలి. "నేనొక్కదాన్నే పోయి వదిలొస్తా" అని, దాన్ని గౌను చాటున ఇంటికి తెచ్చి బుట్టలో పడేశాను. సాయంత్రం అమ్మ కూర చేసింది. "కూర శానా బాగుండాదే" అని నాయన మారు వడ్డించుకున్నాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

వాన రాలేదు. చేనంతా వాడిపోయింది. "యాడో ఏందో తప్పు జరిగిండాదప్పా" అని అరుగు మీద ఎవరో అంటే నాయన తల ఊపాడు, నేను జ్వరం తెచ్చుకున్నాను. దసరా రాకముందే ఆయన ఇళ్లు కట్టే బేల్దారి పని కోసం బెంగళూరు బస్సెక్కాడు. నాయనను ఊరు దాటించింది నేనేనని చెప్పబోయి, ఆ మాట మింగేశాను.

మింగిన మాట ఊరుకోదు కదా, పెద్దయ్యాక కథలై బయటికొచ్చింది. అనంతపురంలో టీచరుగా చేరాక పత్రికలకు రాయడం మొదలుపెట్టాను. నా కథల్లో ప్రతి మనిషీ చిన్నప్పుడు ఏదో చేసి ఉంటాడు, దాన్ని మోస్తూనే పెద్దవాడవుతాడు. ఒకడు డాక్టరు, ఒకడు దొంగ, ఒకామె సర్పంచి. వృత్తులు మారేవి గానీ మూట ఒకటే. ఒక సభలో ఓ పెద్దాయన నా పాత్రల అపరాధభావానికి మూలం మానవుడి ఒంటరితనంలో ఉందని అరగంట మాట్లాడాడు. మూలం మా అమ్మ కూరలో ఉందని ఆయనకెలా చెప్పను? వినయంగా తల వంచుకున్నాను. ఒక సంపాదకుడు మాత్రం, "అమ్మా, ఈసారికైనా ఏ తప్పూ చేయనివాణ్ని పట్టుకురండి" అని ఫోన్లో బతిమాలాడు.

అలాంటివాణ్ని రాయాలంటే ముందు నా మూట దించుకోవాలి. అప్పటికి బెంగళూరు పని మానేసి ఊళ్లోనే ఉంటున్న నాయన దగ్గరికి పోయి అంతా చెప్పేశాను. ఆయన పగలబడి నవ్వాడు. "ఓసి పిచ్చిదానా! వానకూ నీ ఉర్లగడ్డకూ ఏం సంబంధం? మీరు కప్పను మోసేకి ముందే మేస్త్రీకి మాటిచ్చినా. వాన కురిసినా పోయేటోణ్ణే."

ఎంత తేలికపడ్డానో! ఇన్నేళ్లు అనవసరంగా ఏడ్చానని నవ్వుతూ వంటింట్లోకి పోయి అమ్మకు చెప్పాను. ఆమె కత్తిపీట మీద చేయి ఆపింది. "ముందే మాటిచ్చినాడా? మీ నాయనా? దినామూ చేన్లో నిలబడి వాన మోడాల కోసం చూసినాడు గదమ్మే. బస్సెక్కే పొద్దు గూడా ఆకాశం దిక్కే చూసినాడు."

అబద్ధం ఆడటం చేతకాని మనిషి, నా కోసం తడుముకోకుండా ఆడేశాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఆ పూట కావాలనే ఉర్లగడ్డ కూర చేసింది. "కప్ప శానా బాగుండాదే" అని నాయన మారు వడ్డించుకున్నాడు, నా విస్తట్లోనూ వేశాడు.

ఏ తప్పూ చేయనివాడి కథ మొదలైతే పెట్టాను గానీ, వాడు హాయిగా తిని పడుకున్నాడు, రెండో పేజీ దాటలేదు. ఇప్పుడు నాకు ఉర్లగడ్డ కూర దిగుతోంది. దిగనిది నాయన అబద్ధమే. పోనీలే, రాసుకోవడానికి అదైనా మిగిలింది.