పడుకోబెట్టి లేపనివ్వండి

పటాన్‌చెరు షోరూము వాళ్లు నా ప్రశ్నకు ఇప్పటిదాకా జవాబివ్వలేదు. అడిగి రెండు వానాకాలాలు గడిచాయి. నేను మరిచిపోయాననుకుంటున్నట్టున్నారు.

ఆ ప్రశ్న పుట్టింది సంగారెడ్డి బస్సులో. పక్క సీటులో కాలికి సిమెంటు కట్టుతో ఒకతను కూర్చున్నాడు. మట్టి బాటల్లో, గుట్టల మీద నడిపే చిన్నా పెద్దా మోటారుసైకిళ్ల బొమ్మలున్న షోరూము కాగితం నా చేతిలో చూసి, "ఏది తీస్కుంటున్నవన్నా?" అన్నాడు.

పెద్దదేనన్నాను. ఇరవై ఏళ్లుగా బొంబాయి హైవే మీద లారీల మధ్య నడుపుతున్నానని, ఒక్కసారీ పడలేదని చెప్పాను.

"నేను గూడ గట్లనే చెప్పిన," అని నవ్వాడు. "రోడ్డు మీద పడనోడు గుట్టల పడతడే. పడ్డంక ఒక్కనివే లేపాలె. కొనేముందుగాల బండిని పండవెట్టి, లేపి సూడు. నేను సూడలే." వేళ్లతో కట్టు మీద టక్‌టక్‌మని కొట్టాడు. "పొద్దుగూకేదాంక బండి దీని మీదనే పండుకుంది."

నాకు ఒళ్లు మండింది. ముఖం తిప్పుకున్నాను. అతను రుద్రారంలో కుంటుతూ దిగిపోయాడు.

అయినా మర్నాడు షోరూముకు పోయి, పెద్ద బండిని ఒకసారి నేల మీద పడుకోబెట్టి లేపి చూస్తానన్నాను. సేల్స్‌మన్ తక్కినవాళ్లను పిలిచి మరీ నవ్వాడు. "కొత్త బండిని పండవెడ్తవా, పెద్దమనిషీ? ఎక్కి కూసో, అద్దంల సూస్కో, మస్తుగున్నవ్." మేనేజరేమో కనుక్కుని చెబుతానన్నాడు.

ఇంకా చెప్పలేదు. పెద్దదా చిన్నదా అన్నది నేనూ ఇంకా తేల్చుకోలేదు. లేపి చూడనివ్వరా, సరే. గుట్ట మీద అది నా కాలి మీద పడిన రోజు లేపడానికి మీలో ఎవరొస్తారో, ఆ పేరైనా చెప్పండి.