అత్తయ్య తెలుగు మాట్లాడిన ఉగాది

మొన్న కళ్ళ పరీక్షకని మలేషియాలో మా ఊరైన బంటింగ్‌లో ఒక క్లినిక్‌కి వెళ్ళాను. కౌంటరు దగ్గర కూర్చున్న మలాయ్ పిల్ల నా పేరూ, వయసూ, ఇంటి నంబరూ గబగబా రాసుకుని, "ఇంట్లో ఏ భాష మాట్లాడతారు ఆంటీ?" అని అడిగింది. నేను జవాబు చెప్పడానికి తీసుకున్న సమయం చూసి, ఈవిడకి కళ్ళతో పాటు చెవులూ పోయాయనుకుందేమో, మళ్ళీ కాస్త గట్టిగా అడిగింది. "తెలుగు" అన్నాను. ఆ మాట ఎలా రాయాలో పిల్లకి తెలియలేదు. నేనే కాగితం తీసుకుని రాసి ఇచ్చాను. పని ముగించుకుని బస్టాపులో కూర్చున్నా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఓ పదహారేళ్ళ కిందట ఎవరైనా అడిగి ఉంటే తడుముకోకుండా "తమిళం" అని చెప్పేదాన్ని. అత్తా తెలుగే, కోడలూ తెలుగే. అయినా ఒకే కప్పు కింద ఇరవై రెండేళ్ళు మేమిద్దరం తమిళంలోనే మాట్లాడుకున్నాం. బయటివాళ్ళకి చెబితే నమ్మేవారు కాదు.

నేను ఇపో ఊరి పిల్లని. మా నాన్న ఒక తోట ఆఫీసులో గుమాస్తా. ఆదివారం వస్తే మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి తెలుగు వాచకం చదివించేవాడు. అచ్చులో ఎలా ఉందో నోట్లోనూ అలాగే ఉండాలనేది ఆయన పట్టుదల. అందుకని మా ఇంట్లో ఎవరైనా మంచినీళ్ళు అడిగినా రేడియోలో వార్తలు చదివినట్టుండేది. అత్తయ్యది వేరే దారి. ఆవిడ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. ఆవిడ పుట్టింది తోటలో కూలీల లైను ఇళ్ళలో. పన్నెండేళ్ళకే రబ్బరు చెట్లకి గాటు పెట్టడం నేర్చుకుంది. తోట అమ్ముడుపోయాక బంటింగ్ వచ్చి, పొద్దుటి సంతలో వడలు వేసి కొడుకుని చదివించింది. మలాయ్‌లో బేరాలు, తమిళంలో స్నేహాలు, చీనా వాళ్ళ హొక్కియన్‌లో నాలుగు తిట్లు, తెలుగు మాత్రం దేవుడితోనూ కొడుకుతోనూ.

పెళ్ళయిన మూడో రోజు నేను వంటింట్లో చిక్కుడుకాయలు తరుగుతున్నాను. అత్తయ్య వచ్చి, "ఏటి సేస్తన్నావమ్మా?" అంది. నేను నవ్వాను. కావాలని ఎగతాళి చెయ్యలేదు. ఇరవై మూడేళ్ళ వయసు, చెవికి కొత్తగా వినపడింది, నవ్వొచ్చింది. నవ్వి ఊరుకున్నా బాగుండేది. మా నాన్న కూతుర్ని కదా, "ఏటి కాదత్తయ్యా, ఏమిటి అనాలి" అన్నాను. ఆవిడ భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నుంచి నాతో తమిళంలో మాట్లాడడం మొదలుపెట్టింది. చక్కటి తమిళం, మర్యాదైన తమిళం. రెండు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాను. తరవాత రెండు నెలలనుకున్నాను. ఆ తరవాత అనుకోవడం మానేశాను. తల్లీకొడుకులు తెలుగులో కబుర్లు చెప్పుకుంటూ, నేను గదిలోకి రాగానే ఇంటికి చుట్టం వచ్చినట్టు తమిళంలోకి మారిపోయేవారు. మా అమ్మాయి పుట్టాక అదే భాషలో దానికి లాలిపాట. మా ఆయన మధ్యలో దూరేవాడు కాదు. చేతి తొడుగుల ఫ్యాక్టరీలో మూడు షిఫ్టుల మనుషుల్ని నడిపించేవాడికి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళని నడిపించే ధైర్యం లేకపోయింది.

మా దేశంలో వసంతమని వేరే ఋతువు లేదు. ఎండ, వాన, రెండూ కలిసిన ఎండవాన, అంతే. కానీ మార్చి వచ్చేసరికి ఊరి చివర ఇంకా మిగిలి ఉన్న కాస్త రబ్బరు తోటలో ఆకంతా రాలిపోయి, రాగి రంగు చిగుళ్ళు వేస్తాయి. పెరట్లో మామిడి పిందె పట్టి ఉంటుంది. మాకు ఉగాది వాసన అదే. ఆ ఏడాది ఆ నెలలో ఇల్లంతా పరుగులే. మా అమ్మాయి పదకొండో తరగతి పరీక్షల ఫలితాల కోసం గోళ్ళు కొరుక్కుంటూనే, మరోపక్క తెలుగు సంఘం వాళ్ళ ఉగాది సభలో నాట్యానికి మేడ మీద కాళ్ళు అరిగేలా సాధన చేస్తోంది. నేను బడి ఆఫీసులో పని ముగించుకొచ్చి దాని నాట్యం బట్టలకి జరీ అంచు కుడుతున్నాను. మా ఆయనకి రోజూ ఓవర్‌టైము. అందరం ఒకచోట కూర్చుని అన్నం తిని ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు.

ఉగాదికి అయిదు రోజులుందనగా ఒక శనివారం పొద్దున్న, అత్తయ్య పెరట్లో పక్కింటి పాట్టితో కూర్చుని ఆవకాయకి మామిడికాయలు కోస్తోంది. పాట్టి అంటే తమిళంలో అమ్మమ్మ. ఆవిడా అత్తయ్య ఈడుదే, తోటలో పనిచేసే రోజుల నుంచీ స్నేహం. నేను కుట్టుమిషను దగ్గర ఉండగా పాట్టి గుమ్మంలోకి వచ్చి, "ఏమ్మా, మీ అత్తకి నా మీద కోపమొచ్చినట్టుంది. తెలుగులో ఏదో అంటోంది" అంది తమిళంలో, నొచ్చుకుంటూ. నేను నవ్వుతూనే లేచాను. పెరట్లోకి వెళ్ళేసరికి అత్తయ్య పీట మీదే ఉంది. కత్తి జారి కింద పడి ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో వేరెవరిదో అయినట్టు పడి ఉంది. మూతి కొద్దిగా ఓ పక్కకి లాగింది. నా నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నాకే తెలియదు. అమ్మాయి, నేను, పాట్టి, ముగ్గురం కలిసి ఆవిడని కారెక్కించాం. పెద్దాసుపత్రి దాకా నేనే నడిపాను. దారంతా ఎర్ర దీపాలేనని గుర్తు.

అక్కడి కుర్ర డాక్టరు తమిళుడు. మంచం పక్కన వంగి ఆవిడ పేరడిగాడు, చెయ్యి ఎత్తమన్నాడు. అత్తయ్య అతని పెదాల వంక చూస్తూ ఉండిపోయింది. నర్సు మలాయ్‌లో అడిగింది. అదీ అంతే. చివరికి ఆవిడ నా వైపు తిరిగి, మాటలు ముద్దముద్దగా, "ఈలేటంటన్నారు? నాకేటీ తెలవట్లేదు" అంది. నర్సు డాక్టరుతో, "మాట పోయినట్టుంది, అర్థం లేకుండా మాట్లాడుతోంది" అంది. "అర్థం లేకుండా కాదు, అది తెలుగు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. డాక్టరు నాకేసి చూసి, మెదడులో నరం దెబ్బతింటే ఒక్కోసారి కొన్ని భాషలు పోయి ఒకటి నిలుస్తుందని చెప్పాడు. "మీరు మాట్లాడండమ్మా. చెయ్యెత్తమనండి."

"అత్తయ్యా, మీ కుడిచేతిని పైకెత్తండి" అన్నాను. అంత భయంలోనూ రేడియో వార్తే. ఆవిడ కళ్ళల్లో కదలిక లేదు. వంగి ఆవిడ చెవి దగ్గర, "అత్తా, సెయ్యెత్తు. ఈ సెయ్యి" అన్నాను. దుప్పటి మీద వేళ్ళు అంగుళం మేర లేచి పడ్డాయి. "నానెత్తినానా?" అని అడిగింది. "ఎత్తినావత్తా" అన్నాను. డాక్టరు నా భుజం తట్టి, సమయానికి తీసుకొచ్చారన్నాడు. మర్నాడు సాయంత్రానికి ప్రాణానికి భయం లేదని తేల్చారు. ముందు రోజే ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చేసిన మా ఆయన వరండాలో బల్ల మీద కూర్చుని, పొద్దుటి నుంచీ పట్టుకు తిరుగుతున్న రొట్టె పొట్లం అప్పుడు విప్పి తిన్నాడు.

ప్రాణం దక్కింది కానీ తమిళం, మలాయ్ తిరిగి రాలేదు. ఇరవై నాలుగు గంటలూ నన్ను ఉండనివ్వరు. అందుకని నీల్లు, నొప్పి, సాలు, ఆకలి అని కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన మలాయ్ అర్థంతో రాసి మంచానికి అంటించాను. ఒక నర్సుకి 'నొప్పి' అన్న మాట ఎందుకో బాగా నచ్చింది. వార్డులో ప్రతి మంచం దగ్గరా ఆగి "నొప్పి? నొప్పి?" అని అడిగేది. వాళ్ళకి ఏ భాషో తెలియకపోయినా తలలూపేవారు. పండగకి ముందు రోజు మా అమ్మాయి బడి బట్టలతోనే పరుగెత్తుకొచ్చింది. తెలుగు దానికి అర్థమవుతుంది, నోరు మాత్రం పెగలదు. మంచం పక్కన నిలబడి గాలి పీల్చుకుని, "మామ్మా, నాను పాసైనాను లా. బాగా పాసైనాను" అంది. మా దేశపు పిల్లలు ఏ భాష మాట్లాడినా చివర ఒక 'లా' తగిలిస్తారు. అత్తయ్య ఎడమచేత్తో దాని బుగ్గ పట్టుకుంది. కాసేపటికి, "సివర్న ఆ లా ఏటే?" అని అడిగింది. నాలుగు రోజులుగా నవ్వు మరిచిపోయిన మేం ముగ్గురం అక్కడే నవ్వేశాం. నర్సు వచ్చి మందలించింది.

ఆ ఉగాదికి అమ్మాయి నాట్యం చెయ్యలేదు. కుట్టిన జరీ అంచు మడత పెట్టిన చోటే ఉండిపోయింది. కోసిన మామిడి ముక్కలకి చీమలు పట్టాయి. మేం ఆసుపత్రిలో ఉన్న రెండో రోజు గాలివానకి చెట్టున మిగిలిన పిందెలన్నీ రాలిపోయాయి. పాట్టి ఏరగలిగినన్ని ఏరి ఉప్పులో వేసింది. ఉగాది పచ్చడి మాత్రం చిన్న స్టీలు డబ్బాలో తీసుకెళ్ళాం. మింగడం ఇంకా కష్టమని నర్సు చెప్పడంతో వేలి కొసతో నాలుకకి రాశాను. "సేదెక్కువైనాది" అంది అత్తయ్య. వంటలో వంక పెట్టిందంటే ఇక బతుకుతుందని మా ఆయన నమ్మకం.

పది రోజుల తరవాత ఇంటికి తెచ్చాం. అసలు నష్టం అప్పుడు తెలిసింది. పాట్టి వచ్చి ఆనందంగా ఏవేవో చెప్పుకుపోతుంటే అత్తయ్య బిక్కమొహం వేసుకుని చూసింది. నలభై ఏళ్ళ స్నేహం, ఒక్క మాట అందలేదు. పాట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అయినా రోజూ వచ్చేది. నేను బడికి సెలవు పెట్టి ఉన్నాను కనక మధ్యలో కూర్చుని ఇద్దరికీ మాటలు అందించేదాన్ని. ఎవరి కోడలు ఎవరిని ఏమందో, ఏ ఇంటి కుక్క ఎవరిని కరిచిందో. ఇన్నేళ్ళూ పెరట్లో వాళ్ళు మాట్లాడుకున్నది నా గురించేననుకున్నాను. నా ఊసు ఎక్కడా లేదని తెలిసి కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా.

ఒక మధ్యాహ్నం కొబ్బరినూనె రాసి ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే వంచుతున్నాను. "అత్తా, ఆ రోజు నేను నవ్వినాను. తప్పు సేసినాను" అన్నాను. ఏ రోజని అడుగుతుందనుకున్నాను.

"సిక్కుడుకాయలు తరుగుతన్నావు" అంది.

"ఇన్నేళ్ళూ కోపం పోలేదా?"

"కోపం ఆ పూటే పోయినాది." మాట మాటకీ మధ్య ఆగి వెతుక్కుంటోంది. "నా మాట కూలోల్ల మాట. నీది సదువుకున్నోల్ల మాట. రేపు నీ కడుపున పిల్ల పుడితే నా మాటే నేర్సుకుంటాది. అప్పుడు దాన్ని సూసీ నువ్వు నవ్వుతావు. అందుకే మానేసినాను."

ఆవిడ వేళ్ళు నా చేతుల్లోనే ఉన్నాయి. నేను వంచడం మరిచిపోయాను. ఆవిడ నన్ను కోడలిగా ఒప్పుకోలేదని నేను ఇరవై రెండేళ్ళు బాధపడ్డాను. నా ముందు తన నోరు తక్కువదని ఆవిడ అన్నేళ్ళూ బాధపడింది. మా ఇద్దరి మధ్యా పెరిగిన పిల్లకి ఏ తెలుగూ దక్కలేదు. ఆ మాటే ఏడుస్తూ చెప్పాను. ఆవిడ ఎడమచేత్తో నా కళ్ళు తుడిచి, "నాకేటీ కాలేదు కదా, ఇంకెందుకేడుస్తావు? దానికిప్పుడు నేర్పుదాం" అంది. "ఎవరి తెలుగు?" అన్నాను. "ఎవుల్ది దొరికితే అది" అంది. గుండెల మీంచి బరువు దిగడం అంటే ఏమిటో అంతకు ముందు పుస్తకాల్లో చదివానంతే.

రబ్బరు చిగుళ్ళు ముదిరి పచ్చబడే వేళకి తమిళం తనంతట తనే తిరిగి రావడం మొదలుపెట్టింది. పాట్టి తెచ్చిన చారు ఒక గుటక తాగి అత్తయ్య, "ఉప్పు జాస్తి" అంది, శుభ్రమైన తమిళంలో. పాట్టి గిన్నె అక్కడే పెట్టి వీధిలోకి వెళ్ళి కనబడిన వాళ్ళందరికీ తన వంటలో ఉప్పెక్కువైందని సంబరంగా చెప్పుకుంది. మలాయ్ పూర్తిగా రాలేదు, సంతలో వేలు పెట్టి చూపించేది. నాతో మాత్రం ఆవిడ మళ్ళీ తమిళం ఎత్తలేదు. అలవాటు కొద్దీ మా ఆయన తమిళంలో అందుకుంటే, "ఇంట్లో సుట్టాలెవులున్నార్రా?" అనేది. మా అమ్మాయి ఇప్పుడు కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. ఫోనులో దాని తెలుగు సగం మా నాన్నది, సగం వాళ్ళ మామ్మది. ఎక్కడ అతుకుందో నాకైనా తెలియదు.

ఆ తరవాత అత్తయ్య ఆరేళ్ళు ఉంది. ఒక పొద్దున్న కాఫీ తాగి, కుర్చీలో అలాగే వాలి, ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్ళిపోయింది. తెలుగులో మాట్లాడుకోని ఇరవై రెండేళ్ళు నాకు ఎంతో పొడుగ్గా, ఏడాదికేడాది విడివిడిగా గుర్తున్నాయి. మాట్లాడుకున్న ఆరేళ్ళూ ఎప్పుడు గడిచాయో తెలియనే లేదు. కబుర్లలో పడితే పొద్దు అంతే మరి.